ఆసక్తియు, ఆసక్తి ప్రదర్శనమును

వైద్యకళాశాలలలో చదువుచున్న విద్యార్థుల నోట ఈ కాలమున తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. "నేను కోరుకొన్న శాఖయందు నాకు ఆసక్తి యున్నదని ఎట్లు చూపవలెను?" అని వారడుగుచున్నారు. మా పాఠశాలలో పదవ తరగతి ముగించి పిదప వైద్యవిద్యకు పోయినవారు సెలవులకు ఊరు వచ్చినపుడు నన్ను చూడవచ్చి, మాటల నడుమ ఈ ప్రశ్ననే తెత్తురు. నాకు వైద్యము రాదు. కాని ఆ ప్రశ్నలో వైద్యము స్వల్పము, నీతివిచారము అధికము. కావున ఒక బడిపంతులు దీనినిగూర్చి నాలుగు మాటలు వ్రాయుట సాహసము కాదనుకొందును. ఆసక్తి కలదా లేదా యన్నది వారి సందేహము కాదు. దానిని చూపుట యెట్లన్నదే సందేహము. చూపుట యను క్రియకు చూచువాడొకడు కావలెను. ఆ చూచువాడెవడన్న దానిపైననే ఈ ప్రశ్నలోని మంచిచెడ్డలన్నియు ఆధారపడి యున్నవి.

తర్కము చదివినవారికి తెలిసిన సంగతియే: ఆసక్తి మనోధర్మము. ఒకని మనస్సులోనిది మరియొకనికి ప్రత్యక్షము కాదు, లింగమునుబట్టి యూహించుకొనవలసినదే. కొండపై పొగను చూచి నిప్పున్నదని యూహించునట్లు, విద్యార్థి చేసిన పనులను చూచి పరీక్షకుడు వాని యభిరుచిని ఊహించును. ఈ యూహలో రెండు గోతులున్నవి. దూరమునుండి చూచువానికి దుమ్ము కూడ పొగవలెనే కనబడును, ఇది మొదటిది. రెండవదానిని తార్కికులు ఇనుపగుండు దృష్టాంతముతో చెప్పుదురు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండునందు నిప్పు నిండుగా నున్నను పొగ రాదు. పొగ రావలెనన్నచో నిప్పుతోపాటు తడికట్టె కూడ నుండవలెను. కాబట్టి పొగ యెక్కువైనచోట నిప్పెక్కువయని చెప్ప వీలులేదు. కట్టె యెక్కువ తడిసి యుండవచ్చును. పొగకు బహుమతి యిత్తుమని చాటించినచో జనులు కట్టెలను తడుపుకొందురు గాని నిప్పును పెంచుకొనరు.

అమెరికాలో ఇట్టి చాటింపు చాల కాలముగా జరుగుచున్నది. అక్కడ వైద్యపట్టము పొందబోవు విద్యార్థి ఏ శాఖలో, ఏ ఆస్పత్రిలో శిక్షణ పొందవలెనో 1952 మొదలు "మ్యాచ్" అను నేర్పాటు నిర్ణయించుచున్నది. విద్యార్థి తనకిష్టమైన ఆస్పత్రులను వరుసగా వ్రాసి యిచ్చును. ఆస్పత్రులు తమకు కావలసిన విద్యార్థులను వరుసగా వ్రాసి యిచ్చును. రెండు పట్టికలను గణితపద్ధతిచే జతపరతురు. పట్టిక వ్రాయుటకు ముందు ఆస్పత్రివారు మార్కులను, ఉపాధ్యాయుల ఉత్తరములను, పరాయి ఆస్పత్రులలో గడపిన నెలలను, పరిశోధనలను, ముఖాముఖి సంభాషణను పరిశీలింతురు. 2022 జనవరి నుండి యు.ఎస్.ఎం.ఎల్.ఇ. మొదటి మెట్టు పరీక్షకు అంకెలలో మార్కులిచ్చుట మాని, ఉత్తీర్ణుడా కాడా యన్నది మాత్రమే తెలుపుచున్నారు. మార్కుల బెంగ తగ్గించుటకు చేసిన మంచిపని యిది. కాని ఒక కొలత పోయినచో తక్కిన కొలతల విలువ పెరుగును. అవి అంతకుముందే చాల బరువెక్కి యుండెను. 2022లో నాడీశస్త్రచికిత్సా శాఖయందు చోటు దొరికిన ఆ దేశపు ఎం.డి. విద్యార్థులు తమ దరఖాస్తులలో చూపుకొన్న వ్యాసములు, సారాంశములు, సభాప్రసంగములు కలిపి సగటున తలకు 25 దాటినవి. పట్టమైనను చేతికి రాకమునుపే ఒక్కొక్కరు లోకమునకు ఇరువదియైదు సంగతులను తెలియజేసిన తరము మానవచరిత్రలో మున్నెన్నడును పుట్టలేదు కాబోలు!

దరఖాస్తులు వెల్లువైపోగా, నిజముగా కోరినవాడెవడో తెలియక ఆస్పత్రివారు కూడ చిక్కుపడిరి. చెవి, ముక్కు, గొంతు శాఖవారు 2020-21 సంవత్సరమున ఒక యుపాయము పన్నిరి. ఒక్కొక్క విద్యార్థికి కొద్దిపాటి "సంకేతములు" ఇచ్చి, ఎవరియందు అధికమైన మక్కువ యున్నదో వారికే వానిని పంపుమనిరి. సంకేతము విలువ దాని కొరతలో నున్నది గనుక ఈ యుపాయము తెలివియైనదే. పిదప 2022-23లో ఎముకల శస్త్రవైద్యులు ఒక్కొక్కనికి 30 సంకేతములిచ్చిరి. దరఖాస్తులను ఒక హద్దులోనికి తెచ్చుటకు అది పనికివచ్చునేమో. కాని ముప్పదిమంది చెవిలో వేర్వేరుగా ఊదిన మక్కువను మక్కువ యనుటకు నాకు నోరు రాదు. బ్రిటనులోను శాఖాశిక్షణకు మనుష్యుల నేరుకొనునపుడు "శాఖయెడ నిబద్ధత" అనునది పరీక్షింపబడు గుణములలో నొకటి.

ఈ పొగకు కట్టెలు కొనవలసినవాడెవడు? పరాయి పట్టణమున నెల దినములు ఇల్లు అద్దెకు తీసికొని శిక్షణ పొందుటకు డబ్బు కావలెను. జీతములేని పరిశోధనలో ఏడాది గడపుటకు ఇంటివద్ద తిండికి లోటులేనివాడు కావలెను. మన తెలుగు బిడ్డలు ఎం.బి.బి.ఎస్. ముగించి అమెరికాకు పోయి, అక్కడి వైద్యుల వెనుక నిలబడి చూచుటకే రుసుము చెల్లించి, ఆ చూచినందుకు ఒక ఉత్తరము సంపాదించుకొనుట పలువురెరిగినదే. పొలము తాకట్టు పెట్టి పంపిన తండ్రులును ఉన్నారు. ఆసక్తి పేదవానికిని ఉండును. ఆసక్తి చూపుకొను హంగు మాత్రము వానికి లేదు.

మన దేశపు తీరు దీనికి సరిగా వ్యతిరేకము. ఎయిమ్స్ వంటి కొన్ని సంస్థలు తప్ప తక్కిన దేశమంతటికిని పి.జి. సీట్లకు నీట్ పరీక్ష యొక్కటే. 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు, 800 మార్కులు. ర్యాంకు వచ్చిన తరువాత కౌన్సెలింగు. అందు నీకు పిల్లలన్న ఇష్టమా, ఎముకలన్న ఇష్టమా యని అడుగువాడు లేడు. ముందు వచ్చినవానికి ముందు పంక్తి. తొలి ర్యాంకులవారిలో పెక్కుమంది రేడియాలజీ, జనరల్ మెడిసిన్, డెర్మటాలజీ సీట్లను తీసికొందురు. శరీరనిర్మాణశాస్త్రము, శరీరధర్మశాస్త్రము మొదలగు శాఖలలో సీట్లు మిగిలిపోవును. మిగిలిన సీట్లను నింపుటకై 2023 సెప్టెంబరులో అర్హతా పర్సంటైలును సున్నాకు దింపిరి. ర్యాంకు రాని శాఖను ఇష్టములేని శాఖ యని, ర్యాంకు వచ్చిన శాఖను ఇష్టమైన శాఖయని పిలుచుటకు మనవారు అలవాటుపడిరి.

ఐనను ఈ గ్రుడ్డిపరీక్షను నేను పూర్తిగా నిందింపజాలను. ముప్పది, నలుబది మంది పిల్లలను ఎదుట పెట్టుకొని పాఠము చెప్పువానికి ఒక సంగతి తెలియును. ముందు బల్లపై కూర్చుండి ప్రతి ప్రశ్నకును చేయెత్తువాడు పంతులుకు ఇష్టుడగును; గోడప్రక్కన నోరు మెదపక కూర్చున్న పిల్ల ఇంటికి పోయి అదే పద్యమును పదిసార్లు చదువుకొనును. కాగితముపై పేరు కనబడని పరీక్ష ఆ పిల్లకు చేసిన న్యాయమును పంతులు కన్నులు చేయలేకపోవచ్చును. నీ తండ్రి యెవరు, నీ కెవరి ఉత్తరమున్నదని ర్యాంకు అడుగదు. అబద్ధమాడుమని ఎవనిని ప్రోత్సహింపదు. ఇది తక్కువ గుణము కాదు.

కాని పరీక్ష అడుగని ప్రశ్నను ఇల్లు అడుగును. దాని జవాబును కూడ ఇల్లే చెప్పును. తండ్రికి నర్సింగుహోము ఉన్నచో కొడుకు ఆ గదులకు సరిపోవు శాఖనే "ఇష్టపడవలెను". వియ్యపువారు ఏ శాఖకు ఎంత యని లెక్కకట్టుచున్నారు. వరకట్నపు సంతలో గుండె డాక్టరు ధర వేరు, మనోవ్యాధుల డాక్టరు ధర వేరు. ఆడపిల్ల శస్త్రచికిత్స కోరినచో, "రాత్రులు పిలుపులు వచ్చును, సంసారమెవరు చేయుదురు? కాన్పుల శాఖ తీసికో" యని పెద్దలు హితవు చెప్పుదురు. కాన్పులు అర్ధరాత్రి రావన్నట్లు! ఇట్లు అక్కడ విద్యార్థి లేని ఆసక్తిని చూపుటకు నేర్చుకొనుచుండగా, ఇక్కడ విద్యార్థి ఉన్న ఆసక్తిని దాచుకొనుటకు నేర్చుకొనుచున్నాడు. రెండుచోట్లను నష్టపోవువాడు ఒక్కడే. వాడు మంచముపై పరుండి యున్నాడు.

ఇనుపగుండువంటి మనుష్యుని మనవారిలోనే చూపగలను. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. ఆయన సోదరులిద్దరు ఉష్ణదేశములలో వచ్చు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే కొద్దిదినముల తేడాలో మరణించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు ఖద్దరు ధరించి వచ్చినందున శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. ఆయుర్వేద కళాశాలలో పాఠములు చెప్పి, 1923లో బోస్టను చేరి, పొట్టపోసికొనుటకు ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేసిరి. 1925లో ఫిస్కేతో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని వెలువరించిరి. హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు. 1940లో లెడర్లే సంస్థకు పోయి, అక్కడ ఆయన నడిపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూరోగికి ఇచ్చు మందులలో అదియు నొకటి. సోదరుల మంచములప్రక్కన పుట్టిన ప్రశ్న ఇన్ని సంవత్సరములు ఆయనను విడువలేదన్నమాట. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాను, ఆరియోమైసిను కూడ ఆయన పర్యవేక్షణలో వెలువడినవే. తన పేరు ముందుకు తెచ్చుకొనుటలో మాత్రము ఆయన ఎప్పుడును వెనుకనే నిలిచిరి. ఈనాటి దరఖాస్తు కాగితమున ఆయన 1922 నాటి జీవితమును వ్రాసినచో ఏమి కనబడును? తక్కువ పట్టము, ఆచార్యుని అప్రసన్నత, ఆయుర్వేద కళాశాలలో ఉద్యోగము. పొగ యేమియు లేదు.

ఆసక్తి ముందు పుట్టి పిదప పని పుట్టునన్నది కూడ ఎల్లప్పుడును నిజము కాదు. మధురలో అరవింద్ కంటి ఆస్పత్రిని స్థాపించిన గోవిందప్ప వెంకటస్వామిగారు (1918-2006) కాన్పుల వైద్యులు కాగోరిరి. సైన్యమున వైద్యులుగా నుండగా కీళ్లవాతము వచ్చి వ్రేళ్లు వంకరలు పోయినవి. కాన్పుల శాఖ అసాధ్యమయ్యెను. ఆ వంకరవ్రేళ్లతోనే ప్రత్యేకముగా చేయించుకొన్న పనిముట్లు పట్టి, కంటి శస్త్రచికిత్స నేర్చి, లక్షకు మించిన ఆపరేషనులు చేసిరి. ప్రభుత్వోద్యోగము విరమించి 1976లో పదునొకండు మంచములతో మొదలుపెట్టినది ఈనాడు ప్రపంచమున పేరుపొందిన సంస్థ. ఇరువదియేండ్ల వయస్సున ఆయనను పిలిచి కంటివైద్యమునందు నీ ఆసక్తికి నిదర్శనమేదని అడిగియున్నచో ఏమి చెప్పియుందురు? దీనికి ఎదురుకథ విలియం ఆస్లరుది. ఆయన కంటి శాఖను కోరుకొని, ఆ పని చేయుటకు మాంట్రియలుకు మరియొక వైద్యుడు వచ్చుచున్నాడని విని దానిని విడిచిరి. కాయచికిత్సలో ఆయన 1892లో వెలువరించిన గ్రంథము తరతరముల వైద్యులకు పాఠ్యమయ్యెను. అభిరుచి కొందరికి విత్తనము, కొందరికి పంట. పంటను విత్తనము చల్లకమునుపే చూపుమనుట న్యాయము కాదు.

ఇంత చెప్పితినని, ఆసక్తి చూపుట తప్పని నా యభిప్రాయముగా భావింపవలదు. పదిమంది కోరు చోట ఒక్కనిని ఎన్నుకొనవలసిన ఆచార్యుడు హృదయమును కోసి చూడలేడు. నోరు విప్పని సంకోచము వినయము కానక్కరలేదు. అది అహంకారమునకు మారుపేరు కూడ కావచ్చును. కాబట్టి విద్యార్థి చూపవలసినదే. అయితే ఎట్టి గురుతు? కట్టె తడిపినంత మాత్రమున రాని గురుతు కావలెను.

ప్రతి శాఖకును ముఖమును వీపును ఉన్నవి. ముఖము చూచి మోహపడనివాడు లేడు. మెదడు శస్త్రచికిత్స యన్నచో ఆ సూక్ష్మదర్శిని, ఆ నిశ్శబ్దము, ఆ కీర్తి. దాని వీపు ఆపరేషను తరువాత మాట పడిపోయిన రోగి భార్యతో సాయంకాలము అరగంట కూర్చుండుట. పిల్లల శాఖకు ముఖము నవ్వు. వీపు అర్ధరాత్రి నెలలు నిండని శిశువు సూదికి నరము దొరకక గంటసేపు వెదకుట. మత్తు డాక్టరు పనిని బయటివారు చూడనే చూడరు. ఏమియు జరుగకుండుటయే ఆయన విజయము, ఏమియు జరుగని ఆ మూడు గంటలు రెప్పవాల్చక కూర్చుండుటయే ఆయన శాస్త్రము. శాఖయొక్క వీపును చూచిన తరువాత కూడ మరునాడు మరల వచ్చినవాని ఆసక్తియే ఆసక్తి. సుశ్రుతుడు తన సూత్రస్థానమున యోగ్యమను అభ్యాసమునకు ఒక అధ్యాయమునే కేటాయించి, గుమ్మడికాయవంటి ఫలములపై కోతయును, బురద నింపిన తోలుసంచులపై చీల్పును, తామరతూండ్లపై సిరావేధమును అభ్యసింపుమనెను. గుమ్మడికాయను నూరుసార్లు కోయుటలో కీర్తి యేమియు లేదు. అందుకే అది మంచి పరీక్ష.

కాబట్టి, నన్నడిగిన పిల్లలకు నేను చెప్పునది: నాలుగు చోట్ల నాలుగు వారములు తిరిగి నాలుగు ధ్రువపత్రములు తెచ్చుకొనుటకంటె, ఒకే ఓపీలో ప్రతి మంగళవారము ఆరునెలలు నిలబడుడు. 2019 నుండి మన ఎం.బి.బి.ఎస్. పాఠ్యక్రమమున ఎలెక్టివుల పేర ఇష్టమైన విభాగమున గడపుటకు కాలమిచ్చినారు; దానిని పరీక్షకు చదువుకొను సెలవుగా మార్చుకొనువారే యెక్కువ. భారత వైద్యపరిశోధన మండలి 1979 మొదలు ఎం.బి.బి.ఎస్. విద్యార్థులకు స్వల్పకాలిక పరిశోధనవేతనములు ఇచ్చుచున్నది. అందు రెండు నెలల పని కలదు. చిన్న ప్రశ్న తీసికొని చివరంట చేయుడు. వార్డులో గాయములు చీముపట్టుట లెక్కించినచో, కారణము కనుగొని, మార్పు చేయించి, మరల లెక్కింపుడు. మొదటి లెక్కతో ఆగినవాడు దరఖాస్తుకొరకు లెక్కించినాడు, రెండవ లెక్క వేసినవాడు రోగికొరకు లెక్కించినాడు. చేయని పనికి పేరు పెట్టించుకొనవలదు. డబ్బుచ్చుకొని ఏ వ్యాసమునైన అచ్చువేయు పత్రికల గడప తొక్కవలదు.

అన్నిటికంటె నన్ను కలతపెట్టునది మరియొకటి. పెద్దాస్పత్రిలో అరుదైన వ్యాధితో ఒక కూలివాడు చేరినచో వాని మంచము చుట్టు పిల్లలు మూగుదురు. ఒకడు ప్లీహము నొక్కును, వెంటనే మరియొకడు నొక్కును, పదవవాడు నొక్కునప్పటికి వాని కంట నీరు తిరుగును. నేర్చుకొనుటకు నొక్కవలసినదే, నేర్వని వైద్యుడు రేపు ఇంకొకనికి హాని చేయును గనుక ఈ బాధకు కొంత సమాధానము కలదు. ఫొటో తీసి, వ్యాసము వ్రాసి, దానిని దరఖాస్తులో నొక పంక్తి చేసికొనుటకు ఏ సమాధానము కలదు? వాని యనుమతి అడిగితిరా? వ్రేలిముద్ర వేయించుటకు ముందు ఆ కాగితములోనిది వాని భాషలో చెప్పితిరా? వ్యాసము అచ్చయిననాటికి వాడు బ్రతికియున్నాడో లేదో తెలిసికొంటిరా? రోగిని మెట్టుగా చేసికొని యెక్కిన శాఖలో రోగియెడ ఆసక్తి యెక్కడినుండి వచ్చును? ఆసక్తిని మొదట చూడవలసినవాడు రోగియే. ఉదయము రౌండ్సు ముగిసి పెద్ద డాక్టరు వెళ్లిపోయిన తరువాత, రక్తపరీక్ష ఫలితము ఏమైనదో చెప్పుటకు మరల ఆ మంచమువద్దకు వచ్చిన హౌస్ సర్జనును రోగి గురుతుంచుకొనును. నర్సులును గురుతుంచుకొందురు. ఎన్నుకొను ఆచార్యులు ఎక్కడో వ్రాసిన ఉత్తరములను చదువుటకు ముందు ఆ నర్సులను అడిగినచో మంచిదని నా నమ్మకము. కాని వారినెవరు అడుగుదురు?

మాటలో సత్యమును గూర్చి కూడ ఒక చిక్కు కలదు. సీటు దొరకునో దొరకదోయను భయమున ఒక్కడే రెండు శాఖలకు దరఖాస్తు పెట్టి, ఉభయత్ర "ఇదియే నా జీవితాశయము" అని వ్రాయును. చిన్ననాడు తాతగారికి గుండెజబ్బు వచ్చినప్పుడే సంకల్పించితినని ఒకచోట. అదే తాతగారికి మరియొకచోట కండ్లు పోవును. రెండు శాఖలను కోరుట పాపము కాదు; ఎవనికైనను రెండు మంచివస్తువులయందు మనస్సుండవచ్చును. కాని "ఇది తప్ప నాకు వేరు లేదు" అనుట అబద్ధము. "ఈ శాఖలో నేను ఇంతకాలము పనిచేసితిని, ఇందు ఇది నన్ను పట్టి నిలిపినది, ఇది నాకు కష్టముగా నుండినది, ఇంకను తెలియనిది చాల కలదు" అని చెప్పినచో అబద్ధములేదు, ఆసక్తియు తెలియును. ఇట్లు చెప్పినవానిని తీసికొనక, జీవితాశయమును వల్లించినవానిని తీసికొను ఆచార్యుడు అబద్ధమునకు గురువగుచున్నాడు. పరీక్షించువాడు ఏమి అడుగునో విద్యార్థి అదియే నేర్చును. మాబోటి పంతుళ్లకు ఇది ప్రతి సంవత్సరమును అనుభవమే.

తుదకు ఇంకొకటి అడుగవలసి యున్నది. పొరబడి చేరినవాని సంగతి యేమి? శాఖలో అడుగు పెట్టి ఆరు మాసములు చిత్తశుద్ధితో పనిచేసి, ఇది నా పని కాదని తెలిసికొన్నవాడు కలడు. అట్టివాడు విడిచిపోవుటకు మన దేశమున అనేక రాష్ట్రములలో లక్షలకొలది రూపాయల జరిమానా కట్టవలెను. 2024 జనవరిలో జాతీయ వైద్య కమిషను ఈ బాండ్లను తొలగింపుమని, కావలసినచో ఒక సంవత్సరము తిరిగి చేరనీయకుండుట చాలునని రాష్ట్రములను కోరినది. సీటు ఖాళీయగునను ప్రభుత్వముల భయము అకారణము కాదు. ప్రజల ధనముతో నడచు సీటు అది. కాని ఆసక్తి నిజమైనదా యని శోధించి చూచుకొనుమని ఒకవైపు చెప్పి, లేదని తేలినచో అరువదిలక్షల అప్పున్న ఇంటివాడైనను జరిమానా కట్టుమని మరియొకవైపు చెప్పుట యెట్లు పొసగును? వాడు అప్పుడు చేయునది ఒక్కటియే. ఉండిపోవును, మూడేండ్లు ఉన్నట్లు నటించును, పట్టము తీసికొని ఏదో యొక పట్టణమున బోర్డు కట్టును. ఆ బోర్డుక్రింద బల్లపై మన ఊరివారు తమ వంతుకై కూర్చుండి యుందురు.